తిరుముడి మోసే వెన్ను

ఉత్తర మలబారులో వానలు తెరిపిచ్చి, దేవతలు మనుషుల ఒంటిమీదకి దిగి ఆడే తెయ్యాల కాలం దగ్గరపడుతున్న రోజుల్లో అంబు పెరువణ్ణాన్‌కి దగ్గు పట్టుకుంది. మామూలు ఏడాదైతే ఆ దగ్గును ఆయన లెక్కచేసేవాడు కాదు. ఈసారి అలా కుదరదు. పద్నాలుగేళ్ల తర్వాత ముత్తెడం భగవతి గుడిలో పెద్ద కళియాట్టం జాతర పెట్టుకున్నారు. ఆఖరి రోజు మధ్యాహ్నం భగవతి తెయ్యం తిరుముడితో లేచి నిలబడాలి. వెదురు బద్దలూ పోకమాను దబ్బలూ కట్టి ఎర్రగుడ్డ చుట్టిన ఆ కిరీటం కొబ్బరిచెట్టులో సగం ఎత్తుంటుంది. దాన్ని తలకీ వీపుకీ కట్టుకుని గుడి చుట్టూ తిరిగే హక్కు అంబు వంశానిది. తాత కట్టాడు, తండ్రి కట్టాడు, పోయినసారి అంబే కట్టాడు.

అంబు భార్య తంకమణి నేత సొసైటీలో కండెలు చుడుతుంది. ఆ రోజు పనికి సెలవు పెట్టి భర్తను పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. "దగ్గుకి కూడా ఆస్పత్రేమిటే, నలుగురూ నవ్వుతారు" అని ఆయన బస్సులో సణుగుతూనే ఉన్నాడు. ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఊపిరందక సణుగుడు దానంతటదే ఆగింది.

డాక్టరు షమీమా ఛాతీకి సీటీ స్కాన్ తీయించింది. మధ్యాహ్నం ఇద్దర్నీ లోపలికి పిలిచింది.

"ఊపిరితిత్తుల్లో పెద్ద భయమేం లేదు, పెరువణ్ణాన్. ఉబ్బసం ఎటూ ఉంది, దానిమీద కొంచెం నిమ్ము చేసింది. మందులకి తగ్గుతుంది."

"నేను చెప్పలేదూ" అంటూ అంబు లేచాడు.

"కూర్చోండి. నా దిగులు ఊపిరితిత్తుల గురించి కాదు."

ఆమె తెరను వాళ్లవైపు తిప్పింది. పక్కనుంచి కనిపిస్తున్న మనిషి బొమ్మ అది. నడుమ వెన్నుపూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. అది తన భర్త లోపలి రూపమని గ్రహించగానే తంకమణికి చూడకూడనిది చూసినట్టయింది. అయినా కళ్లు తిప్పుకోలేదు.

"ఛాతీ కోసం తీసిన బొమ్మలోనే వెన్నెముకా పడుతుంది. చాలామంది దానివైపు చూడరు. ఎముక లోపల ఎంత చిక్కగా ఉందో ఈ మిషన్ అంకెల్లో చెప్తుంది. మీ వయసుకి నూటయాభై దాకా ఉంటే నాకు నిశ్చింత. వంద కిందకి వస్తే ఎముక గుల్లబారినట్టు. మీది అరవై." ఆమె వేలితో ఒక పూస దగ్గర ఆగింది. "ఇది చూడండి. మిగతావి నలుచదరంగా ఉన్నాయి. ఇదొక్కటి ముందువైపు అణిగిపోయింది. తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్కలా లేదూ? ఇది ఎప్పుడో విరిగింది."

"విరిగితే నాకు తెలీదా డాక్టరమ్మా? నా కాళ్లమీద నడిచొచ్చాను కదా."

"నిరుడు వీపు నొప్పని మంచం దిగలేదు కదండీ" అంది తంకమణి. "తైలం రాయించుకున్నారు. వాయువన్నారు."

అంబు ఆమెవైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి తెలుసు. అయినా ఆగలేదు. "చొక్కాలు కూడా పొడుగైపోయాయి డాక్టరమ్మా. నేను బట్ట సాగిందనుకున్నాను."

"బట్ట సాగలేదు. మనిషి కుంగాడు" అంది షమీమా మెల్లగా. "ఇంత గుల్లబారడానికి ఏదో కారణం ఉండాలి. ఆయాసానికి ఏం వాడుతున్నారు?"

 తంకమణి సంచిలోంచి తెల్లమాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టింది. ఏటా తెయ్యాల కాలం మొదలవగానే మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి. ఒకటి వేసుకుంటే గుండెమీంచి బండ దించినట్టుండేది. దేవత పాటలు గొంతెత్తి పాడొచ్చు, నిప్పుల చుట్టూ పరుగెత్తొచ్చు. చీటీ ఉందా అని ఎవరూ అడగలేదు.

"ఎన్నేళ్లుగా?"

"మా చిన్నదానికి పళ్లొస్తున్నప్పటి నుంచి" అంది తంకమణి. ఆ చిన్నదానికి పోయినేడు పెళ్లయింది.

షమీమా అట్టను తిప్పి వెనకున్న పేరు చదివింది. తర్వాత వివరంగా చెప్పింది. ఈ మాత్రలు ఊపిరినిస్తూ ఎముకని తినేశాయి. ఒక్కసారిగా ఆపితే అదో ప్రమాదం, కాబట్టి తగ్గించుకుంటూ రావాలి. ఆయాసానికి పీల్చే మందిస్తుంది. ఎముకకి ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందుంది. కానీ అది పనిచేయడానికి కాలం పడుతుంది. ఈ కళియాట్టానికి అందదు.

"తిరుముడి బరువెంతుంటుంది?"

అంబు మొదటిసారి తల పైకెత్తాడు. "భగవతి ముడిని తూకం వేస్తారా ఎవరైనా?"

"తప్పుగా అనుకోకండి. ఈ బొమ్మలతోనే ఎముక ఎంత బరువుకి లొంగుతుందో లెక్కగట్టొచ్చు. కోళికోడ్‌లో నా స్నేహితురాలు ఆ పనే చేస్తుంది, ఆవిడకి పంపి అడుగుతాను. కానీ బరువొక్కటే కాదు. అంత ఎత్తుదాన్ని కట్టుకుని ముందుకి వంగితే ఆ భారమంతా ఈ పూసల ముందంచుమీద పడుతుంది. ఇంకో పూస నుజ్జయి లోపల నరాన్ని నొక్కిందంటే, మీరు కాళ్లమీద నడిచి రారు."

అంబు చేతులు జోడించి లేచాడు. "మీరు మీ పని చేశారు. సంతోషం."

ఇంటికొచ్చాక గడపలో చెప్పులు విప్పుతూ ఒక్క మాటే అన్నాడు. "ఈ సంగతి కేళు చెవిన పడిందో, నువ్వూ నేనూ ఒక కప్పు కింద ఉండం."

కేళు ఆయన తమ్ముడు. పొలం గట్టు దాటితే వాడి ఇల్లు. పెరువణ్ణాన్ అన్నది అంబుకి పుట్టుకతో వచ్చిన పేరు కాదు. పాత దొర వంశంవాళ్లు చేతికి కంకణం తొడిగి ఇచ్చిన బిరుదు. ఆ ఏడాది అది తనకొస్తుందని కేళు ఎదురుచూశాడు. రాలేదు. "అన్న పోయి ఆ పెద్దల చెవిలో ఊదాడు" అని ఎక్కడో అన్నాడు. "వాడు తెయ్యం కడితే గుడ్డలు ఎగురుతాయి, దేవత దిగదు" అని అన్న ఎక్కడో అన్నాడు. ఆ రెండు మాటలూ ఊరంతా తిరిగి అసలు చెవులకి చేరాయి. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. తిరుముడి ఒకసారి తమ్ముడి తలకెక్కితే ఆ హక్కు ఇక ఆ ఇంటికే పోతుందని అంబు భయం.

వారం తర్వాత షమీమా ఫోన్ చేసింది. కోళికోడ్ లెక్క వచ్చిందట. "అమ్మా, కిరీటం సంగతి పక్కన పెట్టండి. ఆయన నిండు బిందె ఎత్తినా నాకు భయమే. ఆపగలిగితే ఆపండి."

ఆ మధ్యాహ్నం సొసైటీలో తంకమణి చుట్టిన కండెలన్నీ వదులొచ్చాయి. మేస్త్రీ రెండుసార్లు కసిరాడు. చివరికి కడుపునొప్పని చెప్పి బయటపడింది. ఇంటివైపు నడుస్తున్న కాళ్లు పొలం గట్టు దగ్గర అటు తిరిగాయి.

కేళు అరుగుమీద కూర్చుని తెయ్యం నడుముకి కట్టే అద్దాల పట్టీ కుడుతున్నాడు. వదినని చూసి సూది ఆపాడు.

"అబ్బో. మా గుమ్మం ఎటుందో వదినకి గుర్తుందే!"

"నన్ను తర్వాత ఆడిపోసుకుందువు గానీ, ముందు నా మాట విను."

"అన్న పంపాడా?"

"నేనిక్కడికి వచ్చానని తెలిస్తే మీ అన్న నన్ను వెళ్లగొడతాడు."

ఆమె అంతా చెప్పింది. కేళు పెద్దగా నవ్వాడు. "అన్న వెన్ను విరగడమా! ఎవరి ముందూ వంగని వెన్ను కదా అది." ఆ నవ్వుకి కేళు భార్య ప్రేమజ లోపల్నుంచి వచ్చి నిలబడింది. తంకమణి నవ్వలేదు. కేళు నవ్వు కూడా సగంలోనే పోయింది.

"నిజంగా అంత ఉందా వదినా?"

"నా కళ్లతో చూశాను. ఒకటి ఇప్పటికే అణిగిపోయింది. ఆ ముడి నువ్వు కట్టుకో కేళూ. నీ కాళ్లు పట్టుకుంటాను" అంటూ తంకమణి వంగబోయింది.

"లే అక్కా, ఏంటిది" అంటూ ప్రేమజ ఆమె భుజం పట్టుకుంది.

కేళు పట్టీలో ఒక అద్దం సరిచేశాడు. "నేనడిగితే లాక్కున్నానంటారు. నువ్వడిగావని కడితే వదిన చాటున దొంగిలించానంటారు. అన్న నోటితో అన్న అనాలి. నలుగురిలో. అప్పుడు కడతాను. లేదంటే అన్న కూలినా నేనా దిక్కు చూడను."

మాట కరుకుగానే ఉంది. కానీ తంకమణి వెళ్తుంటే గట్టు చివరిదాకా వెనకాలే వచ్చాడు. "నొప్పి ఎక్కువగా ఉందా అన్నకి?" అని అడిగి, జవాబు వినకుండానే వెనక్కి తిరిగాడు.

ఇక తంకమణికి మిగిలింది గుడి కమిటీ పెద్ద నంబియార్ ఒక్కడే. ఆయన విన్నాడు, గడ్డం గోక్కున్నాడు, వేలాది జనంలో అంత ఎత్తు ముడితో మనిషి కూలితే కింద ఎందరు నలుగుతారో అన్నాడు. తంకమణి తన ఒక్క మనిషి కోసం వెళ్లింది. నంబియార్ జనం కోసం ఒప్పుకున్నాడు. ఏదైతేనేం, మర్నాడే అంబుని పిలిపించి, ముడి కట్టొద్దని చెప్పాడు.

ఆ సాయంత్రం అంబు ఇంటికొచ్చి తంకమణివైపు చూడలేదు. గంజి పోసి పెట్టింది. ముట్టలేదు. తనే బియ్యం కడిగి విడిగా పొయ్యి వెలిగించుకున్నాడు. తెయ్యం కట్టడానికి వ్రతంలో ఉన్నవాడు విడిగా వండుకోవడం మామూలే అని చుట్టుపక్కలవాళ్లు అనుకున్నారు. వ్రతం ఇంకా మొదలవలేదని తంకమణికి తెలుసు.

తమలపాకులిచ్చే రోజున గుడి ముందు జనం కూడారు. ఏ తెయ్యం ఎవరు కట్టాలో పేరు పిలిచి ఆకూ వక్కా చేతిలో పెడతారు. భగవతి పేరు రాగానే అంబు ముందుకెళ్లి రెండు చేతులా అందుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. తర్వాత అందరూ చూస్తుండగా పక్కకి నడిచి, జనం వెనకాల నిలబడ్డ కేళు ముందు ఆగాడు.

"నా ఒంట్లో బాగోలేదు. తమ్ముడు కడతాడు."

కేళు చేతులు వెంటనే చాపలేకపోయాడు. అన్న ముఖంలోకి చూశాడు. అన్న మాత్రం వాడి భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు. ఆకులు చేతులు మారాయి. ఆడవాళ్ల మధ్య నిలబడ్డ తంకమణికి ఏడుపొచ్చింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

కళియాట్టం ఆఖరి రోజు ఎండ మండిపోతోంది. తిరుముడి కట్టింది అంబే. వేరే ఎవరికీ ఆ కట్టు రాదు. తమ్ముడి వీపుకి తాళ్లు బిగిస్తూ, మోకాలు ఆనించి లాగుతూ, "ఊపిరి పీల్చు... వదులు... నడుం నిక్కబెట్టు" అని చెవిలో చెప్తూ ఉన్నాడు. అన్నదమ్ములు ఇన్నేళ్ల తర్వాత మాట్లాడుకున్న మాటలు అవే. ఊతకొయ్యలు పట్టిన మనుషుల మధ్య ముడి మెల్లగా లేచింది. చెండ డోళ్లు మోగాయి. జనం కేక పెట్టారు. ముడి అటూ ఇటూ ఊగినప్పుడల్లా తంకమణి కళ్లు మూసుకుంది. ఎవరి కోసం మూసుకుందో ఆ క్షణాన ఆమె తనని తాను అడగలేదు.

మూడు చుట్లు అయ్యాక భగవతి అందరినీ పిలిచి పసుపు పెడుతూ దీవించింది. అంబు వంతు వచ్చింది. దేవతగా ఉన్న తమ్ముడు అన్న చెయ్యి పట్టుకున్నాడు. "నా బిడ్డా, నన్ను మోసినవాణ్ణి నేను మరవను" అని దేవత గొంతుతో పలికాడు. అది ఎప్పుడూ పలికే మాటే. కానీ అంబు ఆ చేతిని వెంటనే విడిపించుకోకపోవడం తంకమణి దూరం నుంచే చూసింది.

ఆ తర్వాత కూడా ఆయన ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం మాత్రం పెడితే తినడం మొదలుపెట్టాడు. మొదటిసారి సెలైన్ మందు ఎక్కించుకోవడానికి రమ్మంటే, "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాంలోనే చలికాలం అయిపోయింది.

ఒక పొద్దున పెరట్లో పనసపండు రాలింది. చప్పుడు విని తంకమణి వంటింట్లోంచి వచ్చేసరికి అంబు దానిమీదకి వంగి ఉన్నాడు. "ఉండండి, నేను తీస్తాను" అని ఆమె అనేలోపే ఎత్తాడు. పచ్చి కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడేదో వినిపించిందని తంకమణి తర్వాత అనేది. నిజంగా విన్నదో, అనుకుందో ఆమెకే తెలీదు. ఆయన అరవలేదు. పండు వదిలేసి, నేలమీదకి జారి, చెట్టుకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ముఖమంతా చెమట.

"కాళ్లు కదుపుతున్నారా? కదపండి. ఒక్కసారి కదపండి" అంటూ ఆమె ఆయన పాదాలు పట్టుకుంది.

పాదాలు కదిలాయి. నెలల తర్వాత ఆయన ఆమె కళ్లలోకి చూశాడు.

"భగవతిని మొయ్యకుండా ఆపావు. దీనికోసమా నన్ను దాచుకున్నావు? పనసపండు కోసమా?"

ఆమె గట్టు మీదకి పరుగెత్తి కేళుని కేకేసింది.

కేళు, ప్రేమజ ఇద్దరూ వచ్చారు. తలుపుచెక్క మీద పడుకోబెట్టి జీపెక్కించారు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా కేళు అన్న నడుం కింద తన చెయ్యి పెట్టాడు. అంబు వద్దనలేదు.

మళ్లీ స్కాన్. మళ్లీ అదే తెర. పాతదానికి పైన ఇంకో పూస అణిగింది. నరం మాత్రం నలగలేదు. "అదృష్టం" అంది షమీమా. "ఈ విరగడమే ఆ ముడి కింద జరిగుంటే నేనీ మాట అనగలిగేదాన్ని కాదు."

మంచంమీద వెల్లకిలా పడుకున్న అంబు కప్పు చూస్తూ వింటున్నాడు. ఉన్నట్టుండి, "వాడు కూడా అవే మాత్రలు తింటాడు" అన్నాడు.

"ఎవరు?"

"నా తమ్ముడు. మా జట్టులో అందరం తింటాం. వాడికి చిన్నప్పుడే దమ్ము ఆగట్లేదంటే నేనే కొనిచ్చాను. వాణ్ణి కూడా చూడండి డాక్టరమ్మా."

"నాకేం కాలేదు. నేను దుక్కలా ఉన్నాను" అన్నాడు కేళు. "ముడి కట్టి మూడు చుట్లు తిరిగానా లేదా?"

షమీమా కేళుని అడిగింది. "మీకెప్పుడైనా స్కాన్ తీశారా? దేనికైనా సరే."

కేళు తల అడ్డంగా ఊపాడు. గుమ్మంలో ఉన్న ప్రేమజ చెప్పింది. "నిరుడు మూత్రంలో రాయని ఇక్కడే తీశారుగా. రాయి దానంతటదే పడిపోయిందని ఇంటికి పంపేశారు."

ఆ బొమ్మలు ఇంకా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. షమీమా వెతికి తీసింది. అప్పుడు చూసినవాళ్లు రాయినే చూశారు. ఆమె రాయిని వదిలి వెన్నువైపు జరిపి, ఒక పూస లోపల చిన్న గుండ్రం గీసింది. అంకె వచ్చింది. ఎనభై రెండు.

"ఇంకా ఏదీ విరగలేదు" అంది. "కానీ ఇది నిరుటి మాట. మీరు తిరుముడి కట్టుకోవడానికి ముందుది."

కేళు ఏదో హాస్యమాడబోయి నోరు తెరిచాడు. మంచంమీంచి అన్న చెయ్యి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. "రేపట్నుంచి మాత్రలు ముట్టావంటే చంపుతా" అన్నాడు అంబు. "ఒక్కసారిగా మాత్రం ఆపకు. ఈవిడ చెప్తుంది ఎలాగో. నాకు చెప్పింది, నేనే వినలేదు."

అన్నదమ్ములిద్దరికీ ఒకే గదిలో సెలైన్ మందు ఎక్కించడానికి కొన్ని వారాల తర్వాత రోజు కుదిరింది. అంబు నడుముకి గట్టి పట్టీ కట్టుకుని కర్ర పట్టుకుని వచ్చాడు. లోపల ఇద్దరూ, జట్టులో కుర్రవాళ్లని కూడా వరసగా ఇక్కడికి తోలుకురావాలని మాట్లాడుకుంటున్నారు. వచ్చే కాలానికి ఎవరు ఏది కట్టాలన్న దగ్గర గొంతులు లేచాయి. నర్సు వచ్చి కసిరింది.

తంకమణి, ప్రేమజ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ప్రేమజ ఫ్లాస్కులోంచి టీ పోసి తోడికోడలికి ఇచ్చింది. తను పోసుకోలేదు. మూత చేతిలో పెట్టుకుని తిప్పుతూ ఉంది.

"అక్కా, నిన్నొకటి అడగాలని ఆ రోజునుంచీ ఉంది."

"అడుగు."

"మా ఆయన వెన్ను కూడా అలాగే ఉందని నీకు తెలీదు కదూ?"

"భగవతి మీద ఒట్టు. నాకెలా తెలుస్తుంది?"

"తెలీదని నాకూ తెలుసు." ప్రేమజ వరండా అవతల ఎండలోకి చూసింది. "ఒకవేళ తెలిసుంటే? అయినా వచ్చి అడిగేదానివేనా?"

తంకమణి టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. అడిగేదాన్ని కాదు అని చెప్పాలని నోరు తెరిచింది. ముడి ఊగుతున్నప్పుడు కళ్లు మూసుకున్న ఆ మధ్యాహ్నం తన లోపల నిజంగా ఏముందో వెతికింది. అరుగుమీద కేళు కాళ్లు పట్టుకోబోయిన రోజు తనకి ఒక్క మనిషే కనిపించాడు. ఆ సంగతి తెలిసినా ఇంకో మనిషి కనిపించేవాడో లేదో ఆమెకి తేలలేదు.

"ఏమో ప్రేమజా" అంది చివరికి. "నాకు తెలీదు."

ప్రేమజ అలిగి లేచిపోతుందనుకుంది. లేవలేదు. కాసేపటికి మూతలో కాస్త టీ పోసుకుని, "నేనైతే అడిగేదాన్ని" అంది.